అతుకు ఆరేదాకా

తెలుగులో అతుకు అనే మాటకి గౌరవం తక్కువ. అతుకుల బొంత, అతుకుల బతుకు, అతికించుకున్న నవ్వు... ఎక్కడ వాడినా అందులో ఏదో లోటు వినిపిస్తుంది. ఏకంగా ఉన్నదే గొప్పది, అతికినది తక్కువది అన్న లెక్క భాషలోనే పాతుకుపోయింది. కుండ విషయంలోనూ ఇంతే. సారె మీద ఒక్క ముద్దలోంచి కుండ పైకి లేస్తుంటే దారినపోయేవాళ్ళు కూడా ఆగి చూస్తారు. ఆ తర్వాత దానికి ముక్కు అతికే చేతుల్ని ఎవరూ చూడరు. పదేళ్ళుగా నేను సారె లేకుండా, చేతులతోనే మట్టిపని చేస్తున్నాను. రూపం తేవటం అంత కష్టం కాదు. రెండు ముక్కల్ని కలిపి, కలిసినవి విడిపోకుండా ఆరబెట్టుకోవటం కష్టం. ఆ కష్టం ఎవరు పడుతున్నారో, దానికి పేరెందుకు లేదో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

నేను ఈ పని నేర్చుకున్నది హైదరాబాదులో ఒక స్టూడియోలో. ఇప్పుడు అక్కడే ఆదివారాలు కొత్తవాళ్ళకి నేర్పుతున్నాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, రిటైరైనవాళ్ళు, పిల్లలు పెద్దవాళ్ళై ఇప్పుడిప్పుడే కాస్త ఊపిరి తీసుకుంటున్నవాళ్ళు. మట్టి నానబెట్టి, రాళ్ళు ఏరి, తొక్కి, పిసికి, ముద్దలు చేసి మా ముందు పెట్టేది ఒకావిడ. మెదక్ వైపు పల్లెటూరు. కుమ్మరింట్లో పుట్టి కుమ్మరింట్లోనే మెట్టింది. యాభై దాటాయి. నేను ఆమెను అక్కా అంటాను. మొదట్లో నన్ను మేడం అనేది, ఇప్పుడు చెల్లె అంటుంది. స్టూడియో రిజిస్టర్లో ఆమె ఉద్యోగం పేరు 'హెల్పర్'. మట్టి గురించి నాకు తెలిసినదాంట్లో సగం పుస్తకాల నుంచి వచ్చింది, సగం అక్క నుంచి వచ్చింది.

ముందు మట్టి ఎందుకు పగులుతుందో చెప్పుకుందాం. మట్టి రేణువులు పల్చటి బిళ్ళల్లా ఉంటాయి. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య సన్నటి నీటి పొర. ఆ నీటి వల్లే మట్టి మనం వంచినట్టు వంగుతుంది. నీరు ఆరేకొద్దీ బిళ్ళలు దగ్గరికి జరుగుతాయి, వస్తువు మొత్తం కుంచించుకుపోతుంది. మామూలు మట్టి ఆరేటప్పుడు పొడవులో నూటికి 5 నుంచి 8 వంతుల దాకా తగ్గుతుంది. అంటే 10 సెంటీమీటర్లు పెట్టిన కప్పు చెవి ఆరేసరికి అర సెంటీమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, పొట్టిదవుతుంది. ఇది మట్టిలో లోపం కాదు. మట్టి కుంచించుకోవాల్సిందే. అంతా ఒకేసారి, ఒకేలా కుంచించుకుంటే ఎక్కడా పగులు రాదు. ఒక భాగం అప్పటికే ఆరిపోయి, దాని పక్కది ఇంకా తడిగా ఉంటేనే చిక్కు. ఆరినది కదలదు. తడిది ఆరుతూ తనవైపుకి లాక్కుంటుంది. రెండూ కలిసిన చోటు ఆ లాగుడు తట్టుకోలేక విడిపోతుంది. చూసేవాళ్ళకి మాత్రం అతుకు సరిగ్గా లేదనిపిస్తుంది.

అక్క దీన్నంతా రెండు మాటల్లో చెప్తుంది. "ఒకటి ఎండి ఒకటి పచ్చిగుంటే పలుగుతది చెల్లె. రెండూ ఒక్కతీరుండాలె."

అందుకని అతకటానికి ముందు చూడాల్సింది రెండు ముక్కల తడి. వేలితో నొక్కితే లొత్త పడకూడదు, గోటితో గీస్తే గీత పడాలి. పట్టుకుంటే కోవా బిళ్ళలా చల్లగా, గట్టిగా ఉండాలి. కప్పు పొద్దున చేసి చెవి సాయంత్రం చేస్తే, చెవి ఆ గట్టిదనానికి వచ్చేదాకా కప్పుని తడిగుడ్డ కప్పి ఆపాలి. తర్వాత రెండు అంచుల మీదా పాత ఫోర్కుతోనో సూదితోనో అడ్డంగా, నిలువుగా గీతలు గీయాలి. ఆ గీతల్లోకి మట్టి గుజ్జు రాయాలి. స్టూడియోల్లో దీన్ని స్లిప్ అంటారు. అదే మట్టిని నీళ్ళలో నానేసి పెరుగులా చిక్కగా చేసుకున్నది. వేరే మట్టి పనికిరాదు, దాని కుంచించుకునే లెక్క వేరు. వట్టి నీళ్ళూ పనికిరావు. నీళ్ళు పైపొరని ఉబ్బిస్తాయి. అందరికంటే ఎక్కువ తడిసిన ఆ పొరే అందరికంటే ఎక్కువ కుంచించుకుంటుంది, అతుకు సరిగ్గా అక్కడే తెగుతుంది. గుజ్జు రాశాక ముక్కని ఆనించి, అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ నొక్కాలి. కాసేపటికి మట్టి మట్టిని పట్టుకున్నట్టు వేళ్ళకి తెలుస్తుంది. ఆపైన సన్నటి మట్టి వత్తి చేసి లోపలి మూలలో పెట్టి, చెక్క పుల్లతో గట్టిగా మెదపాలి. చేగోడీలకి పిండి పామటం వచ్చిన చేతులకి ఈ వత్తులు చెయ్యటం ఎవరూ నేర్పక్కర్లేదు.

అతకటం అయితే సగం పనే అయినట్టు. వెంటనే గాలికి పెట్టకూడదు. పాలిథిన్ కవరు కప్పి ఒక రోజు వదిలెయ్యాలి. ఆ మూతలో తడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పాకి రెండు ముక్కలూ ఒక స్థితికి వస్తాయి. తర్వాత కవరు కొద్దికొద్దిగా తెరవాలి. చెవులు, ముక్కులు, అంచులు పల్చగా ఉంటాయి కనక ముందు ఆరిపోతాయి. వాటికి విడిగా తడిగుడ్డ పేలిక చుట్టాలి. అడుగు చివర ఆరుతుంది కనక వస్తువుని బోర్లించాలి. కింద పాత న్యూస్ పేపరో, ఇసకో వెయ్యాలి. అడుగు చెక్కకి అంటుకుపోతే కుంచించుకోవటానికి జరగలేక చీలుతుంది, ఇసక మీదైతే జారుతుంది. ఫ్యాను గాలి తగలకూడదు, కిటికీ ఎండ ఒక వైపే పడకూడదు. ఆరిందో లేదో చూడటానికి అక్క చెంపకి ఆనించుకుంటుంది. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడి ఆవంలో ఆవిరై వస్తువుని పేల్చేస్తుంది.

చెవీ ముక్కూ మూతా ఉన్న టీ కూజా ఒకటి చెయ్యటానికి నాకు రెండు మూడు గంటలు పడుతుంది. ఆరబెట్టటానికి ఏప్రిల్లో ఐతే నాలుగైదు రోజులు, వానాకాలంలో పది, పన్నెండు. ఆ రోజులన్నిట్లో పూటపూటకీ వెళ్ళి చూడాలి. గుడ్డ తడపాలి, కవరు జరపాలి, తిప్పి పెట్టాలి. వడియాలు పెట్టిన డాబా మీదికి మబ్బు పట్టినప్పుడల్లా పరిగెత్తినవాళ్ళకి ఈ పని తెలుసు. పొయ్యి మీద పాలు పెట్టి పక్కగదిలో పిల్లకి జడ వేసినవాళ్ళకి తెలుసు. చేతులు వేరే పనిలో ఉన్నా బుద్ధిలో ఒక మూల దాని మీదే ఉంచటం. తెలుగులో 'కనిపెట్టడం' అన్న మాటకి రెండర్థాలున్నాయి. కొత్తది కనుక్కోవటం ఒకటి, ఒకరిని కనిపెట్టుకుని ఉండటం ఇంకొకటి. మొదటిదానికి పేరొస్తుంది. రెండోది ఆడవాళ్ళ వంతుకొస్తుంది.

ఈ మాట నేను గాలిలోంచి అనటం లేదు. అక్క వాళ్ళింట్లో పని ఎలా జరిగేదో ఒకసారి వరసగా చెప్పమన్నాను. చెరువు మట్టి తట్టలకెత్తి తెచ్చేది, ఎండబెట్టి, కొట్టి, జల్లించి, బూడిదా ఇసకా కలిపి తొక్కేది అక్కా వాళ్ళత్తా. సారె మీద కూచునేది భర్త. దించిన పచ్చికుండల్ని నీడకి చేర్చటం, కూజాలకి ముక్కులతకటం, తిప్పి తిప్పి ఆరబెట్టటం, జాజు పుయ్యటం, ఆవానికి పిడకలూ గడ్డీ మొయ్యటం, కాలినవాటిని గంపలో పెట్టుకుని సంతకి పోవటం మళ్ళీ ఆడవాళ్ళే. "సారె తిప్పుడు మొగోళ్ళది. మిగిలిందంత మాదే" అంది అక్క, అదేదో ఎండావానా లాంటి సంగతైనట్టు.

మన దేశంలో చాలాచోట్ల కుమ్మరి కులాల్లో ఆడవాళ్ళు సారె ముట్టకూడదన్న కట్టుబాటు ఉంది. సారె దేవుడితో సమానం, ఆడవాళ్ళకి ముట్టు ఉంటుంది, కాబట్టి తాకరాదు. అదే ఆడవాళ్ళు తొక్కిన మట్టే ఆ సారె మీదికి వెళ్తుందన్నది ఎవరికీ అడ్డు రాదు! పదకొండేళ్ళ కిందట అక్క భర్త చనిపోయాడు. కొడుకులు ఈ పని నేర్వలేదు, ఒకతను ఆటో నడుపుతాడు. ఇంట్లో మట్టి ఉంది, ఆవం ఉంది, ఏ మట్టిలో ఎంత ఇసక వెయ్యాలో, ఎన్ని రోజులు ఆరబెట్టాలో, ఆవంలో మంట ఎప్పుడు తగ్గించాలో తెలిసిన మనిషి ఉంది. ఊరు మాత్రం ఆ ఇంట్లో కుమ్మరిపని ఆగిపోయిందనుకుంది. అక్క కూడా అలాగే అనుకుంది. కొన్నాళ్ళు కూలికి పోయి, ఆ తర్వాత పట్నం వచ్చింది. ముప్ఫై ఏళ్ళు చేసిన పని తనది కాదని ఒక మనిషి నమ్మేలా చెయ్యటం ఎంత తేలికో చూడండి.

నాలుగేళ్ళ కిందట చేతివృత్తులవాళ్ళకి గుర్తింపు కార్డు ఇస్తున్నారంటే ఇద్దరం కలిసి వెళ్ళాం. అక్కడున్నతను మర్యాదగానే మాట్లాడాడు.

"సారె తిప్పుడొస్తదా అమ్మా?"

"రాదు సారూ. ముక్కులు అతుకుత, ఆరబెడ్త, ఆవం పెడ్త."

"అట్లయితె నువ్వు సాయం చేసేదానివి. కుమ్మరిపని చేసేటోళ్ళకే ఈ కార్డు."

అతన్ని తిట్టి లాభం లేదు. కుమ్మరి అంటే సారె, సారె అంటే మగవాడు అన్న లెక్క అతను పుట్టకముందు నుంచీ ఉంది. 2018లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కుమ్మరుల కోసం పథకం మొదలుపెట్టినప్పుడు ముఖ్యంగా పంచింది కరెంటు సారెలే. వాటివల్ల కొందరికి మేలు జరిగి ఉండవచ్చు, కాదనను. కానీ పని అంటే యంత్రం తిరిగే ఆ పది నిమిషాలే అనుకుంటే ముందు వారం, తర్వాత పది రోజులు ఎవరి ఖాతాలోకి పోతాయి? తెలుగులో పేరుకి ముందు కుమ్మరి అని నిలిచిన స్త్రీ, నాకు తెలిసి, ఒక్క మొల్లే. అదీ రామాయణం రాసినందుకు.

అసలు సారె ఉంటేనే కుండ అన్నది ఎక్కడి సత్యం? చైనాలో దొరికిన కుండపెంకుల్లో కొన్ని దాదాపు 20,000 ఏళ్ళనాటివి. సారె వచ్చి 6,000 ఏళ్ళకి అటూ ఇటూ. అంతకు ముందు మనుషులు వేల ఏళ్ళు చేతులతోనే కుండలు చేసుకున్నారు, వండుకు తిన్నారు. ఇప్పటికీ మణిపూర్‌లో ఆండ్రో, థోంగ్‌జావ్ గ్రామాల్లో సారె లేకుండా కుండలు చేసేది స్త్రీలే. థోంగ్‌జావ్‌కి చెందిన నీలమణీ దేవికి 2007లో పద్మశ్రీ ఇచ్చారు. అస్సాంలో హీరా కులం స్త్రీలదీ చేతిపనే. నైజీరియాలో లాడీ క్వాలి చిన్నప్పుడే మట్టి వత్తులు ఒకదానిమీద ఒకటి పేర్చి కుండలు కట్టటం నేర్చుకుంది. 1954లో అబూజా కుమ్మరి శిక్షణ కేంద్రంలో చేరిన మొదటి స్త్రీ ఆమే. ఆ దేశపు 20 నైరాల నోటు వెనక ఆమె బొమ్మ ఉంటుంది. ఆమె కుండ కడుతుంటే కుండ తిరిగేది కాదు, ఆమే కుండ చుట్టూ వెనక్కి వెనక్కి నడుస్తూ తిరిగేది.

ఇంత దూరం కూడా పోనక్కర్లేదు. మన ఊళ్ళలో మట్టి పొయ్యి ఎవరు వేసేవాళ్ళు? మా అమ్మమ్మ బంకమట్టిలో ఊక కలిపి, రెండు రోజులు నాననిచ్చి పొయ్యి కట్టేది. ఒక్కసారే కట్టెయ్యదు. కింది వరస కాస్త బిగిసి బరువు మొయ్యగలిగాకే పై వరస పెట్టేది. చివర్న గిన్నె ఆనటానికి మూడు గుబ్బలు అతికేది. ఊక వేస్తే మట్టి తక్కువ కుంచించుకుంటుంది, లోపలి తడి బయటికి రావటానికి సందులు దొరుకుతాయి. ఇప్పుడు స్టూడియోల్లో మట్టిలో కాగితపు గుజ్జు కలిపి, ఎండిన ముక్కకి పచ్చి ముక్కని కూడా అతకగలుగుతున్నారు. పీచు కలిపితే మట్టి నిలుస్తుందన్నది గోడలు మెత్తిన ఆడవాళ్ళకి ఎప్పటి నుంచో తెలుసు. వాళ్ళ పనిని ఎవరూ కళ అనలేదు, వృత్తి అనీ అనలేదు. ఇంటిపనిలో కలిపేశారు.

క్లాసులో ఈ ఆరబెట్టే సూత్రం చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇది అచ్చం పెళ్ళిలా ఉందండీ" అంటారు. అందరూ నవ్వుతారు. ఒకరు అప్పటికే బిగుసుకుపోయి ఉంటారు, రెండోవాళ్ళు పచ్చిగా ఉంటారు, సర్దుకుపొమ్మని పచ్చివాళ్ళకే చెప్తారు, పగులొస్తే అతుకు మంచిది కాదంటారు. నిజమే, నేనూ నవ్వుతాను. ఆ నవ్వులో ఒక్కొక్కరి కళ్ళలో ఏం కదులుతుందో కూడా చూశాను. ఒకావిడ ఆ రోజు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయి, రెండు వారాలు రాలేదు. అయినా ఈ పోలిక దగ్గర నాకు కొంచెం భయం. ఆడపిల్ల పచ్చిమట్టి లాంటిది, ఎటు వంచితే అటు వంగాలి అన్న మాట వింటూనే కదా మనందరం పెరిగాం! మళ్ళీ మనమే ఆ పోలికలోకి దూరటం ఎందుకు? ఒకసారి ఇదే మాట అక్కతో అన్నాను. ముద్ద పిసుకుతూనే నవ్వింది. "మనం మట్టేంది చెల్లె, మట్టి తొక్కేటోళ్ళం." ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

అక్క చాలాకాలం మా వత్తుల పని పిల్లలాటలా చూసేది. ఒక రోజు ఎవరూ లేనప్పుడు "గిట్ల గూడ కుండ అయితదా?" అని అడిగింది. ఫోనులో లాడీ క్వాలి ఫోటోలు చూపించాను. మణిపూర్ ఆడవాళ్ళవీ చూపించాను. చాలాసేపు చూసింది. ఆ వారమే వత్తులతో ఒక కూజా కట్టింది. కడుపు, మెడ, ముక్కు, అన్నీ తనే. ముక్కుకి తడిపేలిక చుట్టి, గోనెపట్టా కప్పి, పన్నెండు రోజులు కనిపెట్టుకుంది. వెంట్రుకవాసి పగులు లేకుండా ఆరింది, కాలింది. నేను సంబరపడిపోతుంటే తను మాత్రం లెక్క చెప్పింది. "మా ఆయన సారె మీద పొద్దుందాక యాభై దించేటోడు. నేను ఒక్కటి చేసెటాల్లకు రెండు పూటలాయె. గిట్ల చేస్తె తిండికి ఎల్లదు." నిజం. చేతిపని గొప్పదని మనం రాసుకోవటం తేలిక. ప్లాస్టిక్ బిందెలూ ఫ్రిజ్‌లూ వచ్చాక సారె ఉన్నవాళ్ళకే గడవటం లేదు. నెలకి వేలు కట్టి సరదాగా మట్టిలో చేతులు పెట్టే మాకూ, అదే మట్టిని జీతం లేకుండా జీవితమంతా తొక్కిన అక్కకీ మధ్య కులం ఉంది, డబ్బు ఉంది. ఇద్దరం ఆడవాళ్ళమే కదా అనేస్తే అవి మాయం కావు.

అందుకే ఆదివారం క్లాసులో అతకటం, ఆరబెట్టటం అక్కే నేర్పాలనీ, దానికి టీచరుకిచ్చినట్టు విడిగా డబ్బివ్వాలనీ మేము కొందరం అడిగాం. మూడు నెలలు వాదించాక స్టూడియో ఒప్పుకుంది. ఇప్పుడు నెలకి రెండు క్లాసులు తనవి. "ఫ్యాన్ బంద్ జెయ్యిండ్రి" అంటూ లోపలికొస్తుంది. రిటైరైన హెడ్మాస్టరమ్మ కూడా లేచి ఫ్యాను ఆపుతుంది. రిజిస్టర్లో మాత్రం ఇంకా హెల్పర్ అనే ఉంది. అదీ మార్చమని అడుగుతూనే ఉన్నాం.

మీరు ఈసారి కూజా కొన్నప్పుడు ముక్కు కడుపుని కలిసే చోట వేలితో తడిమి చూడండి. అక్కడ చిన్న ఉబ్బు తగులుతుంది. కూజా పగలకుండా మీ ఇంటిదాకా వచ్చిందంటే ఆ చోటుని ఎవరో రోజుల తరబడి కనిపెట్టుకున్నారు. ఆమె ఎవరని అమ్మేవాళ్ళని అడగండి. ప్రదర్శనల్లో పేరు చీటీల మీద ఒక్క పేరే కనిపిస్తే మిగతా పేర్లేవని అడగండి. అడిగితే ఒక్కోసారి చెప్తారు.

మొన్న కార్డు కోసం మళ్ళీ దరఖాస్తు తెచ్చుకున్నాం. అక్క చెప్తుంటే నేను నింపాను. వృత్తి అన్నచోట కుమ్మరి అని, అనుభవం అన్నచోట నలభై ఏళ్ళు అని రాశాను. రెండు పేజీలూ వెతికి చూశాం. సారె తిప్పటం వచ్చా అని అడిగే గడి ఆ ఫారంలో ఎక్కడా లేదు.